పంటు ఎక్కాలంటే ఈ ఏడాది బండే ఉండాలంట

మన పైథాన్ ప్యాకేజీ వాడుకునే లైబ్రరీకి (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడుకి) కనీస వెర్షన్ ఎంత పెట్టాలి అనే మహా సమస్యకి మా టీమ్‌లో ఒక మేధావి శాశ్వత పరిష్కారం కనిపెట్టాడండి. పొద్దున్నే తన లాప్‌టాప్‌లో పిప్ ఫ్రీజ్ (మిషన్లో ఉన్న లైబ్రరీలు, వాటి వెర్షన్లు చూపించే కమాండ్) కొట్టాడు, వచ్చిన లిస్టులో == (సరిగ్గా ఇదే వెర్షన్) ఉన్నచోటల్లా >= (ఇది, లేదంటే దీనికంటే కొత్తది) చేశాడు, కమిట్ చేసి టిఫినుకి పోయాడు. కనీసం అంటే ఇవాళ తన దగ్గర ఉన్నది. ఆయ్, అంతేనండి.

ఇంతకీ ఆ ప్యాకేజీ చేసే ఘనకార్యం ఏంటంటే సీఎస్వీ ఫైల్లో అంకెలు చదివి సగటు తియ్యడం. ఆ లెక్కలకి వాడే లైబ్రరీ నంపై 1.0 వచ్చింది 2006లో, అప్పట్నుంచీ సగటు వస్తూనే ఉంది, మనవాడికి మాత్రం 2.2 కంటే తక్కువైతే రాదంట.

ఈయన్ని నరసాపురం రేవులో పంటు (బళ్లనీ జనాన్నీ గోదావరి దాటించే బల్లకట్టు) దగ్గర నిలబెట్టారనుకోండి. అరటిగెలలు కట్టుకుని పాత టీవీఎస్ మీద ఒకాయన వస్తాడు, సఖినేటిపల్లి వెళ్లాలి. "ఏ మోడల్ బాబాయ్?" "తొంభై ఎనిమిదిదిరా, ఎందుకూ?" "కుదరదు, పంటుకి కనీసం 2025 మోడల్ ఉండాలి." "ఒరే, పంటు మీద బండి నడుస్తాదా ఏంటి, స్టాండేసి నిలబెట్టడమే కదా?" "అదంతా నాకు తెలీదు బాబాయ్, నేనొచ్చిన బండి 2025ది, దాంతోనే టెస్ట్ చేశాను." వెనకాల కొబ్బరికాయల ట్రాలీ, దాని వెనకాల పెళ్లివాళ్ల వ్యాను, ముహూర్తం దాటిపోతోందని పురోహితుడి గోల, అందర్నీ చించినాడ వంతెన మీదుగా తిరిగెళ్లమంటాడు. పంటు ఖాళీగా అవతలికెళ్తుంది. ఒక్క ఎర్రర్ లేదు, టెస్టులన్నీ పాసైనట్టు అన్నీ పచ్చ టిక్కులే.

సెక్యూరిటీ రంధ్రం పూడ్చారనో, కొత్త ఫంక్షన్ వాడామనో పెంచితే ఎవడూ కాదనడు, ఆ ముక్క పక్కన రాసి పెంచు. నంపై వాళ్లే 2019లో, పైథాన్ వెర్షన్ ఏదైనా వచ్చిన 42 నెలల దాకా వదలం అని రూలు రాసుకున్నారు. వీడికి 42 నిమిషాల ఓపిక లేదు. (>=1.0 అని దాతలా రాసి ఆ పాతది ఒక్కసారి కూడా ఎక్కించి చూడని ఇంకో రకం ఉన్నారు, వాళ్ల సంగతి ఇంకో రోజు.)

మా అక్క కూతురు డిప్లొమా చదువుతోంది. కాలేజీ ల్యాబులో ఇంకా విండోస్ 7. దాని మీద ఎక్కే ఆఖరి పైథాన్ 3.8, ఆ 3.8కి ఆఖరి నంపై 1.24. మినీ ప్రాజెక్టుకి పనికొస్తుందని మా జిప్ నేనే పంపాను. ఎక్కించబోతే "నో మ్యాచింగ్ డిస్ట్రిబ్యూషన్ ఫౌండ్", అంటే అడిగిన వెర్షన్ దొరకలేదు అని ఎర్రర్. సాయంత్రం దాకా అదే కమాండ్ కొట్టి కొట్టి, రాత్రి ఫోన్ చేసి "మావయ్యా, నేనేదో తప్పు చేస్తన్నాను" అంది.

ఆ పిల్ల తప్పేంట్రా? ఎనిమిది వేల ఫీజు కట్టడానికే వాళ్ల నాన్న ముందూ వెనకా చూసుకుంటాడు, నీ ఒక్క అంకె కోసం ల్యాబంతా మార్చాలా? తనకి రాదనుకుని ఆ పిల్ల కంప్యూటర్లే వదిలేస్తే ఎవడు జవాబు చెప్తాడు, నీ పచ్చ టిక్కా?

నంపై కనీస వెర్షన్‌ని 1.20కి దించాను. యూవీలో (పిప్ లాంటిదే ఇంకో టూలు) లోయెస్ట్ డైరెక్ట్ అని పెడితే మనం రాసిన కనీస వెర్షన్లే ఎక్కిస్తుంది, పైథాన్ 3.8 మీద అలాగే టెస్టులు తిప్పాను, అన్నీ పాసయ్యాయి. రెండు నిమిషాల పని.

సోమవారం చూస్తే మళ్లీ పెరిగింది, ఈసారి 2.3. కొత్త లాప్‌టాప్ కొన్నాడంట.