అమ్మేది ఎవరో అడగరా?

భోగాపురం విమానాశ్రయం పుణ్యమా అని విజయనగరం జిల్లాలో రోడ్ల పక్కన లేఅవుట్ రాళ్లు మొలుస్తున్నాయి. స్థలం కొనేముందు మనవాళ్లు తక్కువ జాగ్రత్త పడరు. అడంగల్ (సాగు రికార్డు) చూస్తారు, 1బి (యాజమాన్య రికార్డు) తీయిస్తారు, ఈసీ (అమ్మకాలు, తాకట్ల చిట్టా) పెట్టిస్తారు. భూమి పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆరా తీసి, డబ్బు ఎవరి చేతిలో పోస్తున్నారో మాత్రం అడగరు. ‘ప్రైవేట్ లిమిటెడ్’ అని కనిపిస్తే చాలు, సర్కారే పూచీ పడ్డట్టు లెక్క.

ఆ ‘లిమిటెడ్’ హద్దు కొనేవాడి రక్షణ కోసం పెట్టింది కాదు. కంపెనీ మునిగితే వాటాదారులు తాము పెట్టిన మూలధనం మేరకే నష్టపోతారు. మామూలుగా వారి సొంత ఇంటి జోలికి ఎవరూ పోలేరు. ప్రైవేట్ కంపెనీకి కనీసం లక్ష రూపాయల మూలధనం ఉండాలన్న షరతు కూడా కంపెనీల చట్టానికి 2015లో చేసిన సవరణతో పోయింది.

ఇటీవల ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మా కార్యాలయానికి ఒక రసీదు తెచ్చారు. పైన బంగారు రంగులో కంపెనీ పేరు, పక్కన కొబ్బరిచెట్టు బొమ్మ, కింద కోడి కెలికినట్టు ఒక సంతకం. చిరునామా లేదు. కంపెనీ గుర్తింపు సంఖ్య, అంటే సీఐఎన్, అసలే లేదు. 2013 కంపెనీల చట్టం 12వ సెక్షన్ ప్రకారం లెటర్‌హెడ్ల మీద, బిల్లుల మీద అది ఉండి తీరాలి. కార్యాలయం బయట బోర్డు మీద పేరూ చిరునామా స్థానిక లిపిలోనూ ఉండాలన్నదీ ఆ సెక్షనే. 21 అక్షరాలూ అంకెలూ కలిసిన ఆ సంఖ్యలో రాష్ట్రం, కంపెనీ పుట్టిన సంవత్సరం ఇమిడి ఉంటాయి. ‘ఇరవై ఏళ్ల అనుభవం’ అని కరపత్రం వేసుకున్న సంస్థ నిరుడే పుట్టి ఉంటే అక్కడే దొరికిపోతుంది.

ఆ సంఖ్యతో కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో వెతికితే డైరెక్టర్ల పేర్లు, మూలధనం, తాకట్లు ఉచితంగానే కనిపిస్తాయి. అయితే డైరెక్టరు యజమాని కానక్కర్లేదు, నెల జీతగాడైనా కావచ్చు. వాటాలు ఎవరివో తెలియాలంటే వంద రూపాయలు కట్టి వార్షిక రిటర్ను, అంటే ఎంజీటీ-7 (చిన్న కంపెనీలకైతే 7ఎ), తెరిపించాలి. వాటాదారుల రిజిస్టరును రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చని 94వ సెక్షన్ చెబుతోంది. రిజిస్టరు చూపించమని వెళితే తాళం వేసిన అపార్ట్‌మెంట్ గది ఎదురైతే ఎవరిని అడగాలి?

అసలు చిక్కు బినామీలతో. ఇతరుల చాటున పది శాతానికి తగ్గకుండా వాటా అనుభవించే వ్యక్తి తన పేరు కంపెనీకి చెప్పాలని 2018 నిబంధనలు వచ్చాయి. మంచిదే. కానీ ఆ పేర్లుండే రిజిస్టరును చూసే హక్కును 90వ సెక్షన్ ఇచ్చింది కంపెనీ సభ్యులకే. దొంగచాటు యజమాని ఎవరో తోటి వాటాదారు చూడవచ్చు, పింఛను డబ్బు పోసిన మాస్టారు చూడకూడదు! ఈ తలుపు ప్రజలకూ తెరవాలని మేము కోరుతున్నాం.

ఢిల్లీ కదిలేలోగా జిల్లాలో చేయగలిగింది ఒకటుంది. పత్రాలు దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, వెతకడం అందరికీ చేతకాదు. గ్రామ సచివాలయంలో అడంగల్ తీసి ఇస్తున్నట్టే కంపెనీ వివరాలూ తీసి, తెలుగులో చదివి చెప్పే ఏర్పాటు కలెక్టర్ చేయించాలి. ముందుగా భోగాపురం, డెంకాడ మండలాల్లో.