లాల్‌బాగ్ ఫ్లవర్ షో వారికి ఒక విన్నపం

మహారాజశ్రీ లాల్‌బాగ్ ఫ్లవర్ షో వారి దివ్యసముఖమునకు,

నమస్కారాలు. జనవరిలో రిపబ్లిక్ డేకి ఒకసారి, ఆగస్టులో పంద్రాగస్టుకి ఒకసారి బెంగళూరులోని లాల్‌బాగ్ తోటకు తమరు వేంచేస్తారు. పది పన్నెండు రోజులు కొలువుంటారు. ఆ రోజుల్లో తోట పక్కనున్న డబుల్ రోడ్డు మీద బండి నడిపేవాళ్ళు తమర్ని తలుచుకునే భాష ఈ లేఖలో రాయదగ్గది కాదు.

తమరి వెనకున్న చాకిరీని మాత్రం కాదనలేం. బంతి, సాల్వియా విత్తు వేశాక పూతకు రావడానికి రెండు నెలలైనా పడుతుంది. జనవరి కుండీల పని దసరా, దీపావళి రోజుల్లోనే మొదలవ్వాలి. ఇక తోటలోని అద్దాల మందిరం, గ్లాస్‌హౌస్ నడుమ నిలబెట్టే బొమ్మ ఉందే, అదొక తంతు. ముందు ఇనుప చట్రం, దానికి నీళ్ళలో నానబెట్టిన ఫోమ్ బిళ్ళలు, ఆ బిళ్ళల్లో కాడ ఏటవాలుగా కోసి గుచ్చిన గులాబీలు, చామంతులు. 2023 ఆగస్టులో కర్ణాటక అసెంబ్లీ భవనం విధానసౌధను ఇలా పూలతోనే లేపారు. చామంతి ఓపికైనది, నిలబడుతుంది. గులాబీ అలా కాదు. పైన అద్దాల కప్పు, కింద వేలమంది ఊపిరి, నాలుగైదు రోజులకే తల వాల్చేస్తుంది. అందుకే మధ్యలో పూలు మారుస్తారు. మార్చడానికి ముందురోజు టికెట్ కొన్నవాడి రాత ఎలా ఉంటుందో తమరికే తెలియాలి.

శని, ఆదివారాల్లో టికెట్ ధర పెంచుతారు. చూసేది తగ్గినప్పుడు ధర కూడా తగ్గాలి కదా అన్నది మా పల్లెటూరి లెక్క. ఆ రోజుల్లో గ్లాస్‌హౌస్ లోపల నడక తిరుమల క్యూలైనే. మన కాళ్ళతో పనిలేదు, వెనకవాళ్ళే ముందుకు తోస్తారు. వెనక్కి తిరిగే వీల్లేదు. అందరూ పూలకు వీపు పెట్టి ఫోన్‌కు మొహం చూపిస్తుంటారు గనక, పూలు కూడా జనం నడినెత్తి చూసే సంతృప్తి పడాలి.

తమరికి కోపం రాదంటే, హిందూపురం నుంచో అనంతపురం నుంచో చుట్టాలు దిగిన మా తెలుగువాళ్ళకు ఒక మాట చెప్పుకుంటాం. శని, ఆదివారాలు కాని మామూలు రోజున, తలుపులు తీసిన మొదటి గంటలో రండి. కారు ఇంటి దగ్గరే వదిలి గ్రీన్ లైన్ మెట్రోలో లాల్‌బాగ్ స్టేషన్లో దిగండి, వెస్ట్ గేటు పక్కనే. ముందు గ్లాస్‌హౌస్ ముగించండి, ఎండెక్కాక అందులో నిలవలేరు.

ఆ తర్వాత అసలు తోటకు రండి. ఇక్కడే తమరి మీద మా ఫిర్యాదు. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట ఇది, ఇప్పుడు 240 ఎకరాలు. తమరు రాజ్యమేలే గ్లాస్‌హౌస్‌కు పునాది పడ్డది 1889లో, లండన్ క్రిస్టల్ ప్యాలెస్ తరహాలో. తోటలో ఉన్న రాతిగుట్ట వయసు సుమారు 300 కోట్ల ఏళ్ళు. దాని నెత్తిన, బెంగళూరు కట్టించిన కెంపేగౌడ పేరిట గోపురం. తమరి దర్శనానికి వచ్చిన జనం ఆ రాయి మీద కూర్చుని చెనక్కాయలు ఒలుచుకుంటారు తప్ప, తాము కూర్చున్నది ఏమిటో చూడరు. మొదలు చుట్టూ వేళ్ళు గోడల్లా లేచిన తెల్లబూరుగు చెట్టుంది. ఒక్కో వేరు వెనక మనిషి దాక్కోవచ్చు. ఏ చెట్టుకా చెట్టుకు పేరు పలక ఉన్నా చదివే నాథుడు లేడు. గులాబీల విధానసౌధ ముందు బూరుగుచెట్టు సెల్ఫీకి పనికిరాదు మరి.

తమరు వెళ్ళిపోయిన మర్నాడు వస్తే ఇవన్నీ తీరిగ్గా కనబడతాయి. అందుకని తమరి రాక కన్నా పోక మీదే మాకు ఎక్కువ ఆసక్తి. మన్నించగలరు.

ఇట్లు,
పొద్దున్నే నడిచేవాళ్ళు

తా.క. ప్లాస్టిక్ సంచులు లోపలికి తేవద్దంటున్నారు, మంచిదే. పూలు గుచ్చే ఆ ఆకుపచ్చ ఫోమ్ కూడా ప్లాస్టిక్ జాతిదే, నలిపితే పొడి అవుతుంది గానీ మట్టిలో కలవదు. దాన్ని ఏ గేటు దగ్గర ఆపుతున్నారో కాస్త సెలవిప్పించండి.