సీసా మీద రాయని రసాయనాలు

కేరళలోని మలప్పురం జిల్లాలో 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మంది వివరాలను కొట్టక్కల్ వైద్యులు పరిశీలించారు. మూత్రంలో ప్రొటీన్ పోవడం, కాళ్లు వాయడం ఈ జబ్బు లక్షణాలు. వారిలో 15 మందిది అరుదుగా కనిపించే నెల్-1 రకమని తేలింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడటానికి ముఖానికి క్రీములు రాసుకుంటున్నవారే. క్రీములను పరీక్షిస్తే పాదరసం బయటపడింది. వాడకం ఆపేశాక చాలామందికి జబ్బు తగ్గింది.

చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారవ్వాలంటే ఒక ఎంజైము పనిచేయాలి. పాదరసం దాన్ని అడ్డుకుంటుంది. చవగ్గా దొరుకుతుంది, కొద్ది వారాల్లోనే తేడా చూపిస్తుంది. తయారీదారుకు అంతకంటే ఏం కావాలి? అయితే అది చర్మం దగ్గరే ఆగదు, రక్తంలో కలిసి కిడ్నీల్లో పేరుకుంటుంది. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం సౌందర్య సాధనాల్లో పాదరసం కలపకూడదు. తెలియకుండా చేరినా పది లక్షల్లో ఒక వంతు దాటకూడదు. కళ్ల చుట్టూ వాడేవాటికి మాత్రం 70 వంతుల దాకా సడలింపు ఉంది. ఇంతకీ ఆ విషపు డబ్బా మీద ‘పాదరసం’ అని ఎవరూ అచ్చు వేయరు. చాలా డబ్బాల మీద తయారీదారు చిరునామాయే ఉండదు. పార్లర్‌లో ఎవరో ఇస్తారు, వాట్సాప్‌లో ఎవరో అమ్ముతారు, విదేశీ సరుకంటారు, నమ్మేస్తాం.

నా అభ్యంతరం ఇక్కడే. సౌందర్య సాధనాల్లో ప్రమాదాల గురించి మన వెబ్‌సైట్లలో, రీల్స్‌లో వచ్చేదంతా లేబుల్ మీద ఉన్న పేర్ల గురించే. నిల్వ కోసం కలిపే పారాబెన్ ఉందా, నురుగు కోసం కలిపే సల్ఫేట్ ఉందా అని భూతద్దం పెట్టి వెతుకుతాం. పారాబెన్ల మీద చర్చ ఉన్న మాట నిజమే, కొన్ని రకాలను ఐరోపా నిషేధించింది కూడా. కానీ సాధారణంగా వాడే మిథైల్ పారాబెన్‌ను తక్కువ మోతాదులో అక్కడా అనుమతిస్తున్నారు. క్రీములో బూజు, బ్యాక్టీరియా పెరగకుండా ఏదో ఒకటి కలపక తప్పదు మరి. మన ఊళ్లలో చర్మాన్ని నిజంగా పాడుచేస్తున్నవి మాత్రం ఆ జాబితాలో దొరకవు.

వాటిలో రెండోది స్టెరాయిడ్. బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్ లాంటివి డాక్టరు చెప్పిన జబ్బుకు, చెప్పినన్ని రోజులే రాయాల్సిన మందులు. వాటినే మంగు మచ్చలకనీ, పెళ్లి ముందు మెరుపుకనీ నెలల తరబడి రాసుకుంటున్నారు. మొదటి పది రోజులూ ముఖం నిజంగానే తేటగా ఉంటుంది. తర్వాత చర్మం పలచబడుతుంది, ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే మంట, ఎరుపు. ఆ బాధ భరించలేక మళ్లీ అదే ట్యూబు. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మెడికల్ షాపులో ఎవరైనా చీటీ అడుగుతున్నారేమో మీరే చూడండి.

ఇక ఎండ సంగతి. సన్‌స్క్రీన్ మీద భయాలకు మూలం ఎక్కువగా అమెరికా వార్తలు. ఎండను ఆపడానికి కలిపే ఆక్సిబెంజోన్ లాంటి రసాయనాలు రక్తంలోకి చేరుతున్నాయని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరిశోధనలు 2019, 2020లలో తేల్చాయి. చేరితే హాని ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న, సన్‌స్క్రీన్ మానేయమని ఎఫ్‌డీఏ చెప్పలేదు. సముద్రంలో పగడాల దిబ్బలు దెబ్బతింటాయన్న భయంతో హవాయి 2021 నుంచి ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవాటి అమ్మకాన్ని ఆపింది. హుస్సేన్ సాగర్‌లో పగడాలు లేవు కాబట్టి ఆ బెంగ మనకు అక్కర్లేదు. అయినా అనుమానం పీడిస్తుంటే దారి ఉంది. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఈ రెండింటినీ సురక్షితమైనవిగా, పనిచేసేవిగా గుర్తించవచ్చని 2019లో ఎఫ్‌డీఏ ప్రతిపాదించింది. గర్భిణులు, చిన్నపిల్లల విషయంలో నేనైతే వీటికే ఓటేస్తాను.

అలాగని ఈ రెండింటితో చేసినవాటి మీద ఉండే ‘మినరల్’ అన్న మాట చూసి కళ్లు మూసుకుని కొనడానికీ లేదు. ఆస్ట్రేలియాలో చాయిస్ అనే వినియోగదారుల సంస్థ 2025లో 20 సన్‌స్క్రీన్లను పరీక్ష చేయిస్తే 16 తాము చెప్పుకున్న ఎస్‌పీఎఫ్, అంటే ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె, అందుకోలేదు. 50కి పైగా అని రాసుకున్న ఒక జింక్ సన్‌స్క్రీన్‌కు దక్కింది 4. అంతకుముందు 2021లో అమెరికాలో క్యాన్సర్ తెచ్చే బెంజీన్ బయటపడి కొన్ని స్ప్రే సన్‌స్క్రీన్లను వెనక్కి రప్పించారు. ఆ బెంజీన్ ఎవరూ కావాలని కలిపింది కాదు, కాలుష్యంగా చేరింది. ఈ రెండు సంగతులూ బయటపడింది ల్యాబ్ పరీక్షల వల్లే. లేబుల్ చదివితే రెండూ తెలిసేవి కావు. మన దగ్గర అలా బజారులో సరుకు కొని, పరీక్షించి, పేర్లతో సహా ఫలితాలు బయటపెట్టే పని ఔషధ నియంత్రణ శాఖలు క్రమం తప్పకుండా చేయాలి.

తెల్లవారికి సన్‌స్క్రీన్ అంటే ముందు గుర్తొచ్చేది చర్మ క్యాన్సర్. మనకు మెలనిన్ కొంత కాపలా కాస్తుంది, ఆ ముప్పు చాలా తక్కువ. మన బాధ మంగు, నలుపెక్కడం. దీనికి అతినీలలోహిత (యూవీ) కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుగూ కారణమవుతుంది. మామూలు సన్‌స్క్రీన్ ఆ వెలుగును పెద్దగా ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన లేతరంగు సన్‌స్క్రీన్ ఆపుతుంది, పైగా జింక్ పూసుకుంటే వచ్చే విభూతి రంగూ ఉండదు. మంగు ఉన్నవారు దుకాణంలో అడగాల్సింది ఇది. ఎస్‌పీఎఫ్ 30 ఉంటే చాలు, అది ఆ కిరణాల్లో చర్మాన్ని కమిలించే యూవీబీ రకాన్ని సుమారు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. రెండో రకమైన యూవీఏ సంగతి ఎస్‌పీఎఫ్ చెప్పదు, అందుకు ట్యూబు మీద ‘పీఏ’ అన్న అక్షరాల పక్కన ప్లస్ గుర్తులు ఎన్ని ఉన్నాయో చూడాలి. వంటింటి చిట్కాలు వీటికి బదులు కావు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలి బొబ్బలెక్కే ప్రమాదం కూడా ఉంది.

అసలు చిక్కు మోతాదులో ఉంది. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవున, అంటే గ్రాముకు కాస్త పైగా పూయాలి. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ పూయాలి. రోజుకు రెండుసార్లు లెక్కేసినా 50 గ్రాముల ట్యూబు మూడు వారాలకు అయిపోతుంది. బఠాణీ గింజంత రాస్తే లేబుల్ మీది 50 మన ముఖం మీద ఎక్కడికో పడిపోతుంది. ఈ ఖర్చు మిరప కోతకు వెళ్లే కూలీ భరించగలిగేది కాదు. ఆమెకు తల మీద చీర కొంగు, పాత చొక్కా పొడుగు చేతులే రక్ష. అవి ట్యూబు కొనలేనివారి సర్దుబాటు అనుకోవద్దు, ఒత్తుగా నేసిన ముదురు రంగు నూలుబట్ట చాలా సన్‌స్క్రీన్ల కంటే నమ్మదగిన కవచం. చెమటకు తడిస్తే, నేత పలచనైతే ఆ రక్షణ తగ్గుతుంది. స్కూటీ మీద వెళ్లేటప్పుడు ముఖానికి చుట్టుకునే చున్నీకీ ఇదే లెక్క. షిఫాన్‌ది దుమ్మును ఆపుతుందేమో గానీ ఎండను ఆపదు.