వంశధారలో మన వాటా

వంశధార నీటిలో ఆంధ్రకెంత, ఒడిశాకెంత అన్న తగవు 2010లో ట్రిబ్యునల్‌కెక్కి, 2017లో టీఎంసీల లెక్క తేలింది గాని, ఆ నీటిలో ఈదే, యాంటీబయాటిక్ మందులకు లొంగని మొండి సూక్ష్మజీవుల్లో ఎవరి వాటా ఎంతో తేలకపోవడం పర్లాకిమిడి వాసిగా నన్ను కలచివేస్తున్నది. 1936లో మా ఊరిని ఒడిశాలో కలిపిన గీత మనుషులకే గనుక, మేము మహేంద్రతనయలోకి విడిచినది వంశధార మీదుగా కళింగపట్నం దాకా ఏ చెక్‌పోస్టులోనూ ఆగకుండా వెళ్ళగలదు.

మా తోడ్పాటు తక్కువదేమీ కాదు. రోజుకొకటి చొప్పున అయిదు రోజులు వాడమన్న యాంటీబయాటిక్ బిళ్ళల్లో మూడు మింగి, జ్వరం దిగగానే తక్కిన రెండింటిని రాబోయే జ్వరానికి దాచడం మా ఇంటి పొదుపు. మందును చాలీచాలకుండా వాడితే సూక్ష్మజీవులు రాటుదేలుతాయని పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945 నాటి నోబెల్ ఉపన్యాసంలోనే చెప్పాడు. మేము దానిని హెచ్చరికగా కాక తయారీ విధానంగా స్వీకరించాము. మింగిన మందులో కొంత ఒంట్లో మారకుండానే వెలుపలికి వచ్చి కాలువను చేరుతుంది. దానికి చావకుండా మిగిలిన సూక్ష్మజీవి ఆ విద్యను ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయంలో పెట్టి, కులగోత్రాలు అడగకుండా, జాతి వేరైనా సరే, పక్కదానికి అందిస్తుంది. (ఫీజు తీసుకోకుండా ఇంత శ్రద్ధగా చదువు చెప్పిన మాస్టారిని నేనింతవరకు చూడలేదు.)

అయినా పెద్ద ఊళ్ళ ముందు మేమెంత? ఢిల్లీలో 50 కుళాయి నమూనాల్లో 2, వీధి మడుగుల 171 నమూనాల్లో 51, సూక్ష్మజీవులను గట్టి యాంటీబయాటిక్‌లకూ లొంగకుండా చేసే ఎన్‌డీఎం-1 జన్యువును మోస్తున్నట్టు 2011లో ప్రచురితమైంది. అందులోని ‘ఎన్‌డీ’ న్యూఢిల్లీయే కాగా, ఆ పేరు పెట్టడంపై అప్పటికే ప్రభుత్వం అభ్యంతరం తెలిపింది, నీటిపై కాదు. పటాన్‌చెరులో మందుల కర్మాగారాల మురుగును శుద్ధిచేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో వెల్లడైంది. అంటే కోర్సు మధ్యలో మానని క్రమశిక్షణ అక్కడి వాగుకైనా ఉందన్నమాట.

కాబట్టి మొండి సూక్ష్మజీవులను కూడా చెరి సగం పంచాలని నా విన్నపం. మా ఆవిడ మాత్రం యాంటీబయాటిక్‌కు లొంగనిది పొయ్యికి లొంగుతుందంటూ ప్రతి ఉదయం నీళ్ళు మరగబెట్టి మా వాటాను తుడిచిపెడుతున్నది. ఇది రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి విధ్వంసమని ఫిర్యాదు రాశాను గాని, భువనేశ్వర్‌కు పంపాలో అమరావతికి పంపాలో తేలక, అది అలమరలో ఆ రెండు బిళ్ళల పక్కనే ఉంది.