వియ్యంకుల వాదం: అలాస్కాకు పెద్ద ఓడా, చిన్న ఓడా?

వచ్చే జూన్‌లో మా అమ్మానాన్నలను, అత్తయ్యగారిని, మామయ్యగారిని, ఆరేళ్ల మా బాబును వెంటబెట్టుకొని అలాస్కా తీరానికి వారం రోజుల ఓడ ప్రయాణం చేయాలని మేమిద్దరం నిశ్చయించుకున్నాము. సియాటిల్‌లో ఉంటున్న మా వంటి తెలుగు కుటుంబాలలో, వేసవికి వచ్చిన పెద్దవాళ్లను ఒకసారి అలాస్కా ఓడ ఎక్కించడం దాదాపు ఆనవాయితీగా మారింది. అయితే ఏ ఓడ ఎక్కించాలన్నదే తేలలేదు. నాలుగు వేల మంది పట్టే పెద్ద ఓడ ఒకటి, ఎనభై తొంభై మందికి మించి పట్టని చిన్న ఓడ ఒకటి మా ముందున్నాయి. విశాఖ పోర్టులో ముప్పై ఏళ్లు పనిచేసిన మా మామయ్యగారు పెద్ద ఓడ పక్షం. హనుమకొండలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మా నాన్న చిన్న ఓడ పక్షం. ఒక ఆదివారం మధ్యాహ్నం వియ్యంకులిద్దరూ మా ఇంట్లో ఎదురెదురుగా కూర్చొని ఈ విషయం మాట్లాడుకున్నారు. టికెట్లు కొనవలసినదాన్ని నేనే కనుక, ఆ మాటలను శ్రద్ధగా రాసి పెట్టుకున్నాను.

మామయ్యగారు: బావగారూ, మొదట ఒక లెక్క చెబుతాను. ఓడల గురించి చెప్పేటప్పుడు వాడే గ్రాస్ టన్నేజీని చాలామంది బరువు అనుకుంటారు. అది బరువు కాదు, ఓడ లోపల మూసి ఉన్న చోటు ఎంతో తెలిపే కొలత. అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్దదనుకున్న టైటానిక్‌కు ఆ కొలత 46 వేల చిల్లర. సియాటిల్ నుంచి అలాస్కాకు తిరిగిన ఓవేషన్ ఆఫ్ ది సీస్‌కు 1,68,000 పైమాటే. దాని పొడవు 348 మీటర్లు, గదికి ఇద్దరి చొప్పున 4,180 మంది పడతారు. అంత చోటు ఉన్నందువల్లనే లిఫ్టులు, చక్రాల కుర్చీ తిరిగే నడవాలు, డాక్టరూ నర్సులూ ఉండే వైద్యశాల అందులో అమరుతాయి. మనం నలుగురమూ అరవై ఐదు దాటినవాళ్లం. మీ చెల్లెలికి మోకాళ్లు అరిగాయి, నాకు రక్తపోటు ఉంది. ఈ వయసులో ఆ చోటు విలాసం కాదు, అవసరం.

నాన్న: మీరు చెప్పిన కొలతలోనే నా అభ్యంతరం ఉంది, బావగారూ. ఓడ లోపలి చోటు పెరిగేకొద్దీ మనిషి లోపలే ఉండిపోతాడు. మనం చూడబోయేది బయట ఉంది. జూనో పట్టణాన్నే తీసుకోండి. అలాస్కా రాజధాని అయినా రోడ్డు మీద వెళ్లి చేరలేని ఊరు, జనాభా 32 వేలకు అటూ ఇటూ. అటువంటి ఊరికి 2023 వేసవిలో ఓడల మీద వచ్చినవారు 16 లక్షలకు పైగా ఉన్నారు. తట్టుకోలేకనే ఆ ఊరివారు ఓడల కంపెనీలతో ఒప్పందం చేసుకొని, 2024 నుంచి రోజుకు ఐదు పెద్ద ఓడలకు మించి రాకూడదన్నారు. అదీ చాలక 2026 నుంచి, వచ్చే ఓడలన్నింటిలో కలిపి, మామూలు రోజుల్లో 16,000 పడకలకు, శనివారం 12,000 పడకలకు పరిమితి పెట్టుకున్నారు. అంతమందిలో ఒకరిగా దిగి, దుకాణాల వీధిలో రెండు గంటలు నడిచి తిరిగి ఓడ ఎక్కితే, ఆ ఊరిని చూశామని చెప్పుకోవడానికి నాకు మనసొప్పదు. మూడేళ్ల కిందట ఒక పెద్ద ఓడలో వెళ్లినప్పుడు, ఒక రేవులో ఒడ్డుకు చేర్చే పడవ కోసం గంటన్నర వరుసలో నిలబడ్డాము. ఒడ్డున మాకు దక్కింది గంట.

మామయ్యగారు: వరుసలో నిలబడడం బాధాకరమే, కాదనను. కానీ ఆ నాలుగు వేల మంది ఎవరో కూడా ఆలోచించండి. పింఛను మీద బతికేవాళ్లు, మనవలతో వచ్చిన తాతలు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు. ఏడు రాత్రుల ప్రయాణానికి పెద్ద ఓడలో కిటికీ లేని గది వెయ్యి డాలర్ల లోపున కూడా దొరుకుతుంది. అదే ఏడు రాత్రులకు చిన్న ఓడ మనిషికి ఐదారు వేలు అడుగుతుంది. మనం ఏడుగురం. పిల్లలు ఇక్కడ ఇంటి అప్పు కడుతున్నారు. అలాస్కా ధనవంతుల సొత్తు కాకూడదంటే పెద్ద ఓడలు ఉండవలసిందే.

నాన్న: ఖర్చు మాట వచ్చేసరికి నా పక్షం బలహీనమే. తిమింగలాలను చూపించే విహారం, కయాక్ పడవలు, గైడు, అన్నీ చిన్న ఓడ ధరలోనే కలిసి ఉంటాయి, పెద్ద ఓడలో అవన్నీ విడిగా కొనుక్కోవాలి. అయినా తేడా పూర్తిగా పూడదు. నేనూ మీ చెల్లెమ్మా మా వాటా మేమే పెట్టుకుంటామని అమ్మాయికి చెప్పాను.

(నాన్న ఈ మాట నాతో నిజంగానే అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ సంగతి వేరే.)

మామయ్యగారు: సరే, డబ్బు పక్కన పెడదాం. చిన్న ఓడలో మీకు దక్కేది ఏమిటో వివరంగా చెప్పండి.

నాన్న: అలాస్కాలో జాతీయ పార్కుగా ఉన్న గ్లేసియర్ బే అనే అఖాతం గురించి చెబుతాను. 1794లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ వాంకూవర్ మనుషులు ఆ తీరం వెంబడి వచ్చినప్పుడు అక్కడ ఉన్నది కొద్ది మైళ్ల లోతున్న చిన్న గండి మాత్రమే. దాని వెనుక అంతా మంచుగోడ. 1879లో ప్రకృతి పరిశోధకుడు జాన్ మ్యూర్ వచ్చేసరికి ఆ మంచు నలభై మైళ్లకు పైగా వెనక్కి తగ్గి, దాని చోట సముద్రం నిలిచింది. ఎనభై ఐదేళ్లలో ఒక అఖాతమే పుట్టిందన్న మాట! అక్కడి ఆదివాసులైన హూనా ట్లింగిట్ ప్రజలకు అది పూర్వీకుల నేల. మంచు ముందుకు పొడుచుకొని వచ్చినప్పుడు ఊళ్లు వదిలి వెళ్లిపోయిన కథ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మంచు వదిలిపెట్టిన నేల మీద మొదట నాచు, తరువాత పొదలు, ఆ తరువాత పెద్ద చెట్లు వరుసగా ఎలా వస్తాయో ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పాను. అక్కడ అఖాతం నోటి నుంచి లోపలికి వెళుతుంటే ఆ వరుస అంతా ఒడ్డునే కనబడుతుంది. పెద్ద ఓడ రోజుకు రెండింటికి మించి ఆ అఖాతంలోకి వెళ్లకూడదు. వెళ్లినది కూడా ఎక్కడా ఎవరినీ ఒడ్డుకు దించదు. పార్కు రేంజర్లే పడవలో వచ్చి ఓడ ఎక్కి, మైకులో చెప్పి, సాయంత్రానికి దిగిపోతారు. గుడి దాకా వెళ్లి గాలిగోపురానికి దండం పెట్టుకొని తిరిగి రావడం వంటిది అది.

మామయ్యగారు: శ్రీశైలంలో శిఖర దర్శనం చేసుకున్నవారికే పునర్జన్మ ఉండదని మన పెద్దలు చెప్పారు కదా, బావగారూ. కొండ ఎక్కలేనివాడి కోసమే ఆ మాట అన్నారని నేను నమ్ముతాను. ఆ అఖాతం లోపలి మార్జరీ హిమానీనదం ఎదుట పెద్ద ఓడ ఆగి, అందరికీ కనబడేలా నెమ్మదిగా తనచుట్టూ తాను తిరుగుతుంది. మీ చెల్లెలు గది బాల్కనీలో కుర్చీ వేసుకొని, శాలువా కప్పుకొని, మంచు విరిగి నీళ్లలో పడడం చూడగలుగుతుంది. అది దర్శనం కాదంటే నేను ఒప్పుకోను.

నాన్న: (కాసేపు ఆగి) శిఖర దర్శనం మాట బాగుంది. దానికి నా దగ్గర ఎదురు మాట లేదు. కానీ ఇంకొకటి వినండి. 2001లో ఆ గ్లేసియర్ బే నోటి దగ్గరే ఒక హంప్‌బ్యాక్ తిమింగలం చచ్చి తేలింది. చూలుతో ఉన్న ఆడ తిమింగలం. పెద్ద ఓడ ఒకటి గుద్దడంతో దాని పుర్రె పగిలింది. దశాబ్దాలుగా దాన్ని గుర్తుపట్టి, తోక మీది తెల్లని మచ్చలను బట్టి స్నో అని పేరు పెట్టుకున్న పరిశోధకులు అక్కడ ఉన్నారు. ఆ ఓడ కంపెనీ తప్పు ఒప్పుకొని ఏడున్నర లక్షల డాలర్లు చెల్లించింది. ఆ తిమింగలం అస్థిపంజరాన్ని అదే అఖాతం ఒడ్డున ఉన్న బార్ట్‌లెట్ కోవ్‌లో నిలబెట్టారు, నలభై ఐదు అడుగుల పొడవు. పెద్ద ఓడవారికి ఆ ఎముకల దగ్గరికి వెళ్లే దారి లేదు. చిన్న ఓడలు అక్కడ ఆగుతాయి. మన బాబును దాని పక్కన నిలబెట్టి, ఒక ప్రాణి ఎంత పెద్దదిగా పెరగగలదో, దాన్ని చంపడం ఎంత తేలికో చెప్పాలని ఉంది.

ఇక్కడ నేను కలం ఆపి నాన్న ముఖం చూశాను. ఆయన గొంతు మారింది. మామయ్యగారు వెంటనే జవాబు చెప్పకుండా మంచినీళ్లు తాగారు.

మామయ్యగారు: ఆ సంగతి నాకు తెలియదు. పోర్టులో పనిచేసినవాణ్ణి కనుక ఒక మాట మాత్రం చెప్పగలను. అంత పొడవు ఓడలో ముక్కు దగ్గర ఏం తగిలిందో, ఓడ నడిపే గదిలో నిలబడినవాడికి ఒక్కోసారి తెలియనే తెలియదు. అందుకే తిమింగలాలు తిరిగే చోట వేగం తగ్గించడం తప్ప దారి లేదు, అక్కడి పార్కువారు 13 నాట్ల, అంటే గంటకు సుమారు 24 కిలోమీటర్ల, పరిమితి పెడుతున్నది కూడా అందుకే. అయితే పెద్ద ఓడల వల్ల జరిగిన మంచిని కూడా చెప్పాలి. రేవులో కట్టిన ఓడ ఇంజను ఆపి ఊరి కరెంటు తీసుకునే పద్ధతి, ప్రయాణికుల ఓడలకు ప్రపంచంలోనే మొట్టమొదట జూనోలో, 2001లోనే మొదలైంది. అంత పెట్టుబడి పెద్ద కంపెనీ వల్లనే అయింది. పైగా ఎనభై మంది కోసం కూడా ఇంజన్లూ జనరేటర్లూ రేయింబవళ్లు తిరగవలసిందే. తలసరిన లెక్క వేస్తే చిన్న ఓడ పవిత్రమని చెప్పలేము.

నాన్న: పవిత్రమని నేనూ అనను.

మామయ్యగారు: ఇక భద్రత. 2007లో ఎంప్రెస్ ఆఫ్ ది నార్త్ అనే చిన్న ఓడ జూనో దగ్గర రాతికి తగిలి, రెండు వందల పైచిలుకు ప్రయాణికులను తెల్లవారుజామున వేరే పడవల్లోకి దించవలసి వచ్చింది.

నాన్న: 2012లో కోస్టా కాంకోర్డియా ఇటలీ తీరంలో రాతికే తగిలింది, ముప్పై ఇద్దరు చనిపోయారు. అది పెద్ద ఓడే.

మామయ్యగారు: నిజమే. రాతికి ఓడ పరిమాణంతో పని లేదు, నడిపేవాడితోనే పని. ఆ వాదన వెనక్కి తీసుకుంటున్నాను. కానీ రబ్బరు పడవ విషయం వెనక్కి తీసుకోను. చిన్న ఓడ నుంచి ఒడ్డుకు వెళ్లాలంటే ఓడ వెనుక మెట్టు మీద నుంచి ఊగుతున్న రబ్బరు పడవలోకి దిగాలి. నావికుడు చెయ్యి చాపినప్పుడు అరచేతిని పట్టుకోకూడదు, అతని మణికట్టుకు పైన మనం, మన మణికట్టుకు పైన అతను పట్టుకోవాలి. ఒకరి పట్టు జారినా రెండోది నిలుస్తుంది. పడవ అల మీద పైకి లేచిన క్షణంలో అడుగు వెయ్యాలి, దిగిపోతున్నప్పుడు వేస్తే మోకాలి మీద బరువంతా పడుతుంది. నేను ఆ పని వందలసార్లు చేశాను, నాకు భయం లేదు. మీ చెల్లెలు రోజుకు రెండుసార్లు, వారం రోజులు చేయగలదా? చేయలేకపోతే మనమంతా ఒడ్డున తిరుగుతుండగా ఆమె లిఫ్టు కూడా లేని ఓడలో ఒంటరిగా కూర్చోవాలి. పెద్ద ఓడలో అయితే కనీసం ఆమెకు ఒక లోకం ఉంటుంది.

ఇది మామయ్యగారి అసలు వాదన అని నాకు అప్పుడే అర్థమైంది. టన్నులు, మీటర్లు, డాలర్లు అన్నీ ఈ ఒక్క మాట చుట్టూ కట్టిన గోడలు. తిండి సంగతి ఇద్దరూ రెండు మాటల్లో తేల్చేశారు. ముందే చెబితే రెండింటిలోనూ శాకాహారం వండిపెడతారు, పెద్ద ఓడలో మన వంట తెలిసినవాడు దొరికే అవకాశం ఎక్కువ. బాబు సంగతికి వచ్చేసరికి, పెద్ద ఓడలో పిల్లల ఆటగదులుంటాయని మామయ్యగారు, జూన్‌లో సీల్ అనే సముద్రపు జంతువులు మంచుపలకల మీద పిల్లలను పెడతాయని నాన్న అన్నారు.

నాన్న: ఆమె ఒంటరిగా కూర్చునే మాటైతే నేనూ ఆమెతోనే కూర్చుంటాను, బావగారూ. కానీ మీరు మరిచిపోయిన సంగతి ఒకటుంది. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా ఎగరవేసే ఓడ, నడుమ వేరే దేశపు రేవులో ఆగకుండా ప్రయాణికులను ఇక్కడ ఎక్కించి ఇక్కడ దించకూడదు. సియాటిల్ పెద్ద ఓడలు చివరి సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో ఆగేది అందుకే. మన నలుగురికీ భారత పాస్‌పోర్టులు కనుక కెనడా వీసా తీసుకోవాలి. అమెరికా జెండా ఉన్న చిన్న ఓడ అయితే జూనోలో ఎక్కి అలాస్కాలోనే ఉన్న సిట్కాలో దిగవచ్చు.

మామయ్యగారు: కాబొటాజ్ చట్టం, అంటే ఒక దేశపు రేవుల మధ్య రవాణాను ఆ దేశపు ఓడలకే ఉంచే చట్టం. నా ఉద్యోగమంతా దానితోనే గడిచింది, అయినా ఇక్కడ అది తట్టలేదు. వీసా కాగితాలు పిల్లలకు మరో భారం, ఒప్పుకుంటాను. కానీ వీసా కోసం మోకాలిని పణంగా పెట్టను.

మామయ్యగారు (నా వైపు తిరిగి): అమ్మాయ్, రాసుకో. టికెట్టు కొనేముందు ఆ చిన్న ఓడవాళ్లకు ఉత్తరం రాయి. గది నుంచి భోజనశాలకు ఎన్ని మెట్లు? పడవ ఎక్కే చోట రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీ ఉందా? ఒడ్డుకు దిగేటప్పుడు నీళ్లలో అడుగు పెట్టాలా, పొడి నేల మీదనా, వారంలో ఎన్ని రోజులు ఏది? దిగలేనివారిని ఆ పడవలోనే కూర్చోబెట్టి హిమానీనదం దగ్గరికి తిప్పుతారా? ఓడలో డాక్టరు లేకపోతే దగ్గరి ఆసుపత్రికి ఎలా చేరుస్తారు? వీటికి సరైన జవాబులు వస్తే నేను బావగారి పక్షానికి వస్తాను. రాకపోతే పెద్ద ఓడే.

నాన్న: న్యాయంగా ఉంది. అమ్మా, ఇంకొక్కటి కూడా రాసుకో. పెద్ద ఓడే ఖాయమైతే, గ్లేసియర్ బేలోకి వెళ్లే అనుమతి ఉన్న ఓడనే చూడు. సియాటిల్ నుంచి బయలుదేరేవన్నీ అక్కడికి వెళ్లవు.

నా మనసు నాన్న వైపే ఉంది. అయినా ఆ రాత్రే కూర్చొని మామయ్యగారి ప్రశ్నలు ఆయన చెప్పిన వరుసలోనే రాసి చిన్న ఓడవారికి పంపాను.