రివ్యూలు ఒక్కటే సరిపోవు
గూగుల్‌లో షాపుల కోసం వెతికితే, రివ్యూలు ఎక్కువున్న షాపే పైన కనిపిస్తదని అంటుంటారు గానీ అది సగమే నిజం అండి, వెతికినదానికి ఎంత సరిపోతది, ఎంత దూరం, ఎంత పేరుంది, ఈ మూడూ చూస్తామని గూగుల్ వాళ్లే చెప్తారు. పైగా 2015 ముందు మ్యాప్‌తో పాటు ఏడు షాపులు వచ్చేవి, ఆ తర్వాత మూడే. మా బాబాయిది గుంటూరు బ్రాడీపేటలో మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే కొట్టు, అరండల్‌పేటలో నించుని వెతికితే ఆ మూడింట్లో ఉంటది, అదే పట్టాభిపురం నుంచి వెతికితే ఉండదు, రివ్యూలేమో అవే కదా మరి. ఇంకోటి, మొదట్లో గూగుల్‌లో కొట్టు వివరాల్లో కేటగిరీ (ఏ రకం షాపో చెప్పేది) ఎలక్ట్రానిక్స్ షాప్ అని పెట్టేశాం (తప్పు మాదేలెండి), రోజూ టీవీలున్నాయా అని ఒకటే ఫోన్లు, రిపేర్ అని మార్చాక గానీ మిక్సీ జార్లు పట్టుకుని జనం రావటం మొదలవలేదు.