మొగుడి రివ్యూలు

(రామనాథం ఫోన్ యాప్‌ల మీద రివ్యూలు రాయడం మొదలుపెట్టాడు. తన ఫోన్‌లో చోటు లేక యాప్‌లన్నీ భార్య ఫోన్‌లోకి దించాడు. గొడవకి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.)

సుగుణ: ఏమండీ, ఈ ఫొటోలో మీ పక్కనున్న ఆవిడెవరు?

రామనాథం: నువ్వే కదే! బ్యూటీ యాప్‌తో తీశాను. మచ్చలన్నీ పోయి ముఖం ఎంత నున్నగా వచ్చిందో చూడు.

సుగుణ: మచ్చలతో పాటు ముక్కు కూడా సగం పోయింది. నడుము సన్నబడింది సరే, పక్కనున్న తలుపెందుకు వంగింది?

రామనాథం: నడుమేదో తలుపేదో దానికి తేడా తెలియదే. ఆ చోటున్న బొమ్మనంతా లోపలికి లాగుతుంది. పాపం, తలుపూ అక్కడే ఉంది.

సుగుణ: అయితే అదే రాయండి. సన్నబడదలచినవారు తలుపులకి దూరంగా నిలబడవలెను అని.

రామనాథం: ఎగతాళి ఆపి ఈ పోర్ట్రెయిట్ చూడు. వెనకంతా మసగ్గా, నువ్వు మాత్రం స్పష్టంగా.

సుగుణ: నా ఎడమ చెవి కూడా వెనకే ఉందా?

రామనాథం: పెద్ద కెమెరాలో అయితే ఆ మసక లెన్సు వల్ల వస్తుంది. ఫోన్ మాత్రం ఏది ముందుందో ఏది వెనకుందో లెక్కగట్టి, వెనకున్నదని తోచినదాన్ని తర్వాత మసక చేస్తుంది. జుట్టు అంచుల దగ్గరా కళ్లద్దాల దగ్గరా కాస్త తడబడుతుంది.

సుగుణ: తడబడి చెవి కోసేసిందన్నమాట. 48 మెగాపిక్సెల్స్ అని కనబడినవాళ్లందరికీ చెప్పుకున్నారే, అందులో నా చెవికి నాలుగు మిగల్లేదా?

రామనాథం: (గొంతు తగ్గించి) మామూలుగా తీస్తే నాలుగేసి పిక్సెళ్లని కలిపి ఒకటి చేస్తుంది. ఫొటో వచ్చేది 12 మెగాపిక్సెల్స్‌దే. వెలుతురు తక్కువున్న చోట బొమ్మ చుక్కలు చుక్కలుగా రాకుండా అలా చేస్తారు.

సుగుణ: 48 అని చెప్పి 12 చేతిలో పెట్టడమా! మీ ఫోన్‌కి అన్నీ మీ పోలికలే.

రామనాథం: సరే, ఫొటోలు దిద్దే ఈ స్నాప్‌సీడ్‌కి వంక పెట్టు చూద్దాం. 2011లో ఐప్యాడ్ కోసం వచ్చింది. మరుసటి ఏడాది దాన్ని చేసిన కంపెనీనే గూగుల్ కొనేసింది. డబ్బులడగదు, ప్రకటనలు చూపించదు. ఫొటో అంతా మార్చకుండా ముఖం దగ్గరే వెలుతురు పెంచుకోవచ్చు. హీలింగ్ అని ఒకటుంది. అక్కర్లేనిదాని మీద వేలితో రుద్దితే అది మాయమై, చుట్టూ ఉన్న రంగు అక్కడ పరుచుకుంటుంది.

సుగుణ: ఆగండాగండి. ఈ ఫొటోలో మా తమ్ముడుండాలి కదా?

రామనాథం: హీలింగ్ ఎంతవరకు పనిచేస్తుందో చూద్దామని...

సుగుణ: మనిషిని చెరిపేసి వాడి చెయ్యి మాత్రం నా భుజం మీద వదిలేశారేమండీ!

రామనాథం: అందుకే రివ్యూలో ఒక స్టార్ తగ్గించాను. చిన్న మచ్చలకీ కరెంటు తీగలకీ అయితే భేషుగ్గా ఉంది. పెద్ద వస్తువులకి పనికిరాదు.

సుగుణ: వాడు వస్తువా?

(ఇక్కడ రామనాథం ఆటల వైపు మళ్లడం తెలివైన పనే. కానీ ఎంచుకున్న ఆట తెలివైనది కాదు.)

రామనాథం: క్యాండీ క్రష్ సంగతి కూడా రాశాను. 2012 నాటి ఆట. ఐదు ప్రాణాలిస్తుంది. ఓడినప్పుడల్లా ఒకటి పోతుంది, అరగంటకొకటి తిరిగొస్తుంది.

సుగుణ: ఐదూ పోతే రెండున్నర గంటలు కూర్చోవాలి. నాకు చెబుతున్నారా ఆ లెక్క! ఆ ఎదురుచూపులోనే వాళ్ల వ్యాపారమంతా ఉంది. ఓపిక లేనివాడు డబ్బు కడతాడు.

రామనాథం: కట్టక్కర్లేదే పిచ్చిదానా. ఫోన్ గడియారం ముందుకి తిప్పితే, టైమ్ అయిపోయిందనుకుని ప్రాణాలిచ్చేస్తుంది. రాత్రి నువ్వు పడుకున్నాక నీ ఫోన్‌లో చూశాను.

సుగుణ: అదా! అర్ధరాత్రి అలారం మోగితే లేచి, జడ వేసుకుని, ఇంకా తెల్లారదేమిటా అని కిటికీ దగ్గర కూర్చున్నాను!

రామనాథం: నేను కూడా అనుకున్నాను, ఇవాళ తొందరగా లేచావని.

సుగుణ: ఇంకో సంగతి. బొమ్మలు జతకలిపే ఈ ఇంకో ఆటకి మా అమ్మ ఫోన్ నంబరెందుకు?

రామనాథం: కాంటాక్ట్స్ చూడనిమ్మని అడిగింది, సరే అన్నాను.

సుగుణ: మైక్ అడిగితే?

రామనాథం: సరే అన్నాను.

సుగుణ: ఊరూపేరూ లేని యాప్ అడిగిన ప్రతిదానికీ సరే! నేనేదైనా అడిగితే మాత్రం చూద్దాం! వద్దు అని నొక్కినా ఆట ఆగదండీ, శుభ్రంగా నడుస్తుంది.

రామనాథం: అసలు ఆ ఆటే మోసం. ప్రకటనలో పిన్నులు లాగి మనిషిని కాపాడమన్నారు. దించుకుంటే మూడేసి బొమ్మలు కలపడం. ప్రకటనకీ ఆటకీ పొంతన లేదని 2020లో బ్రిటన్‌లోని ప్రకటనల నియంత్రణ సంస్థ ఇలాంటివే రెండు ఆపించింది కూడా. పైగా నిమిషానికో వీడియో. అది మూసే గుర్తు చీమ తలంత!

సుగుణ: నాకొక్కటీ రావే?

రామనాథం: ఎలా?

సుగుణ: నేనాడేది అంకెల గళ్లు కలిపే 2048. దానికి నెట్ అక్కర్లేదు కదా. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఆడతాను. ఇక ప్రకటనలెక్కణ్ణుంచి వస్తాయి? 2014లో ఇటలీ కుర్రాడు, పంతొమ్మిదేళ్లవాడు, చేసి ఊరికే ఇచ్చేసిన ఆట. తర్వాత ఎవరెవరో దానికి వీడియోలు తగిలించారు.

రామనాథం: ఓహో! మధ్యాహ్నం తాళంచెవి మర్చిపోయి గుమ్మంలో నిలబడి ఎన్నిసార్లు చేసినా నీ ఫోన్ కలవలేదు. బెల్లు కొట్టినా పలకలేదు!

సుగుణ: రెండు 1024లు పక్కపక్కకి వచ్చాయండీ. కలిస్తే 2048. మీరైతే ఏం చేసేవారు?

రామనాథం: (కాసేపు ఆలోచించి) తలుపు తీసేవాణ్ణి కాదు.

(సుగుణ ఫోన్ మోగింది.)

సుగుణ: మా తమ్ముడు. వాణ్ణి చెరిపేసిన ఫొటో మీరెక్కడా పెట్టలేదు కదా?

రామనాథం: ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. తేడా తెలియాలని, చెరపకముందుది కూడా పక్కనే పెట్టాను.

సుగుణ: అయితే మీరే మాట్లాడండి. ఇదుగో.

రామనాథం: ఇందులో ఆ ఫ్లైట్ మోడ్ ఎక్కడుందే?